సువార్త చెప్పాలంటే నోరు పెగలడం లేదన్న అమ్మాయికి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి అద్దె ఇల్లు. మీ చర్చి యువజన కూటమివారు నెలనెలా ఒక కాగితం ఇస్తారు. ఆ నెలలో ఎవరెవరికి సువార్త చెప్పారో పేర్లు రాసి తిరిగి ఇవ్వాలి. మూడు నెలలుగా మీది ఖాళీ కాగితమే. చివరికి ధైర్యం చేసి గదిలో ఉండే స్నేహితురాలి దగ్గర మాట ఎత్తితే, "ఇన్నాళ్లూ నాతో స్నేహం చేసింది నన్ను మతం మార్చడానికేనా?" అని ఆమె అడిగింది. అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. సువార్త చెప్పడం ప్రతి విశ్వాసికీ ఆజ్ఞేనా, చెప్పలేకపోతే పాపమా, ఆజ్ఞే అయితే ఎలా చెప్పాలి, చట్టం ఏమంటుంది, ఇవీ మీరు అడిగినవి.

నేను పాస్టరును కాను. సికింద్రాబాద్‌లో ఒక సంఘానికి 18 ఏళ్లుగా పెద్దగా ఉన్నాను. నాకు అన్నం పెట్టింది మాత్రం కోర్టు గుమాస్తా ఉద్యోగం. 33 ఏళ్లు సాక్షులను పిలిపించడం, ప్రమాణం చేయించడం, వాళ్ల వాంగ్మూలాలు కట్ట కట్టి భద్రపరచడం నా పని. మీ ప్రశ్నకు జవాబు నేను వాక్యంలో ఎంత నేర్చుకున్నానో, ఆ సాక్షి బోను దగ్గర కూడా అంతే నేర్చుకున్నాను.

ముందుగా నా పరువు తీసే సంగతి ఒకటి చెప్పేస్తాను. 1983లో నాకు 23 ఏళ్లు. ఆదివారం సాయంత్రాలు సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ బయట కరపత్రాలు పంచేవాణ్ని. సంచిలో 200 పట్టుకెళ్లడం, ఖాళీ సంచితో ఇంటికి రావడం, ఆ రాత్రి హాయిగా నిద్రపోవడం. ఒక రోజు పని ముగించి రోడ్డు అవతల వేరుశనగకాయలు కొన్నాను. బండి ఆయన పొట్లం చేతిలో పెట్టాడు. చూస్తే నా కరపత్రమే. జనం పారేసినవి ఏరి తెచ్చి బొత్తిగా పెట్టుకున్నాడు. కాగితం మందంగా ఉంటుందని మెచ్చుకున్నాడు కూడా. నాకు ఒళ్లు మండి, అది దేవుని మాట అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోకుండా, "నాకు చదువు రాదు బాబూ, అందులో ఏముందో మీరే చెప్పండి" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. నేను "పాపులను రక్షించడానికి" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. తర్వాతి మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అవి ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. వెనక మరొకరు చిల్లర చాపితే ఆయన అటు తిరిగాడు. మీ నోరు పెగలకపోవడం నాకు తెలియని జబ్బు కాదమ్మా.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆజ్ఞే. దాన్ని మెత్తబరచి చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టను. "కాబట్టి మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అని మత్తయి 28వ అధ్యాయంలో ఉంది. అయితే ఆ వాక్యాన్ని మన తెలుగు వ్యాకరణంతోనే ఒకసారి చూడండి. "వెళ్లి" అసమాపక క్రియ. వాక్యం దాని మీద నిలవదు, "చేయుడి" మీద నిలుస్తుంది. మూల గ్రీకులోనూ అంతే. అసలు క్రియ శిష్యులను చేయడమే. వెళ్లక్కర్లేదని నా అర్థం కాదు. శిష్యుడంటే ఒక సాయంత్రం చేతిలో కాగితం అందుకున్నవాడు కాడని మన భాష ఎరిగినవాళ్లకు విడమరచి చెప్పాలా? సంగీతం గురువు దగ్గర సరళీ స్వరాలకే ఏడాది పడుతుంది. యేసు మూడేళ్లు వెంట తిప్పుకున్న పన్నెండు మందిలో ఒకడు జారిపోయాడు. నెలాఖరుకు కాగితం నింపమన్న ఆజ్ఞ నాకు ఆ వాక్యంలో కనపడదు.

దానికి రెండు వచనాల ముందు ఇంకో సంగతి ఉంది, ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. కొండ మీద ఆయనను చూసి పదకొండు మంది మొక్కారు, "అయితే కొందరు సందేహించిరి". ఆ సందేహించినవాళ్లను పక్కకు తీసి మిగిలినవాళ్లకు మాత్రమే ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు.

మన తెలుగు నేల మీద ఈ ఆజ్ఞను బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య తీసుకున్నంత గట్టిగా తీసుకున్నవారు తక్కువ. తిరునెల్వేలి వైపు తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యి, అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో స్థిరపడ్డారు. బాప్తిస్మం తీసుకున్నవారిచేత తలమీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేవారు. శ్రమ అంటే ఇక్కడ కీడు అని. ఆ చేతుల్లో ఎక్కువ భాగం కూలి చేసుకునే మాల, మాదిగల చేతులు, అక్షరం రానివి. వాళ్లను కరపత్రాలు పంచమని ఎవరూ అడగలేదు. తాగుడు మానారు, తగవులు తగ్గించుకున్నారు. పొలం యజమానులు అది చూసి "మీకేమైంది?" అని అడిగారు. ఆ మార్పు చూసి పై కులాలవాళ్లు కూడా కొందరు సంఘంలోకి వచ్చారని అజరయ్య స్వయంగా రాశారు. ప్రశ్న ముందు పుట్టింది, సువార్త దాని వెంట వచ్చింది. పేతురు మొదటి పత్రిక 3:15 ఎలా ఉందో మీకు తెలుసు: మీలో ఉన్న నిరీక్షణను గూర్చి "హేతువు అడుగు ప్రతివానికిని", "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. ఆ "అడుగు" అన్న మాటను దాటవేసి మనం నేరుగా సమాధానానికి పోతాం. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెబుతూ తిరిగితే నా శనగకాయల పొట్లమే గతి.

ఇప్పుడు కోర్టు సంగతి. అపొస్తలుల కార్యములు 1:8లో యేసు శిష్యులకు ఇచ్చిన పేరు సాక్షులు. ప్లీడర్లు అనలేదు. మా కోర్టులో సాక్షులు నా అనుభవంలో మూడు రకాలు.

ఒకడు నేర్పించిన సాక్షి. మొదటి విచారణలో గడగడా అప్పజెబుతాడు. అవతలి ప్లీడరు క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచి, "ఆ రోజు వర్షం పడిందా?" అని ఒక్కటి అడిగితే చాలు, ఎవరూ నేర్పని ప్రశ్న కాబట్టి తెల్లమొహం వేస్తాడు. రెండోవాడు ఉత్సాహవంతుడు. తాను చూసినది చెప్పి ఊరుకోడు. ఎవరో చెప్పగా విన్నది, ఊహించినది, నిందితుడి తాతగారి నడవడిక, అన్నీ కలిపేస్తాడు. కోర్టులో నోటి సాక్ష్యం స్వయంగా చూసినదో విన్నదో అయి ఉండాలి, చెప్పుడు మాట సాధారణంగా చెల్లదు. ఇతగాడి వల్ల తన పక్షానికే నష్టం. మూడోవాడు తక్కువ మాట్లాడతాడు. తెలిసినది తెలుసంటాడు, తెలియనిది తెలియదంటాడు. ఎంత గద్దించినా అతని కథ మారదు. జడ్జిగారి కలం కదిలేది అతని మాటకే.

యోహాను సువార్త 9వ అధ్యాయం నిండా ఇలాంటి విచారణే. యేసు వల్ల ఒక పుట్టుగుడ్డికి చూపు వచ్చింది. పరిసయ్యులు, అంటే యూదుల మతనిష్ఠాపరులు, పిలిపించి, నిన్ను బాగుచేసినవాడు పాపి అని ఒప్పుకోమన్నారు. వాళ్లు చదువుకున్నవాళ్లు, ఇతను మొన్నటిదాకా అడుక్కున్నవాడు. ఏమన్నాడు? "ఆయన పాపియో కాడో నేనెరుగను, ఒకటి మాత్రము నేనెరుగుదును. నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను." నా 33 ఏళ్లలో ఇంతకంటే చక్కటి వాంగ్మూలం విన్న గుర్తు లేదు. "నేనెరుగను" అనడానికి అతను సిగ్గుపడలేదు. మీ స్నేహితురాలు రేపు త్రిత్వం గురించి అడిగితే, బాధల గురించి అడిగితే, మీకు తెలియకపోతే తెలియదనండి. మీ సాక్ష్యం దానితో కొట్టుకుపోదు.

అదే అధ్యాయంలో ఆ గుడ్డివాడి తల్లిదండ్రులూ ఉన్నారు. సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయంతో "వాడినే అడగండి" అని తప్పుకున్నారు. చెప్పలేకపోతే పాపమా అని మీరు అడిగిన చోట నాకు వాళ్లు గుర్తుకు వస్తారు. సువార్త రాసిన యోహాను వాళ్ల భయాన్ని దాచకుండా రాశాడు, కానీ ఒక్క తిట్టు మాట కలపలేదు. అరిమతయి యోసేపును కూడా "రహస్యముగా" శిష్యుడని అదే పుస్తకం అంటుంది. అందరూ పారిపోయిన సాయంత్రం పిలాతు దగ్గరికి వెళ్లి దేహాన్ని అడిగింది ఆ రహస్య శిష్యుడే. భయం ఒకటి, నాకు చెప్పవలసిన అవసరమే లేదనుకోవడం ఒకటి. మీది మొదటిది. రెండోదే అయితే ఇంత పొడుగు ప్రశ్న రాసేవారు కాదు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఇక్కడ నేను కాస్త కఠినంగానే ఉంటాను.

సాయాన్ని, సువార్తను ఒకే పళ్లెంలో పెట్టవద్దు. దీనికి నా ఆదర్శం మన ఒంగోలు చరిత్రే. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, వేల మందికి కూలి పని చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వనన్నాడు. కూటి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తనకూ తెలియదు, వాళ్లకూ తెలియకపోవచ్చని. కరవు పని ముగిశాక కూడా వాళ్లు అడుగుతూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్య మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతకు ముందు ఆయన వద్దని ఆపిన నెలల గురించి ఎవరూ చెప్పుకోరు. నాకు 2,222 కంటే ఆ నెలలే పెద్దవి. ఇంకో మాట: ఆ ఉద్యమానికి దారి తీసింది క్లౌ ఒక్కడే కాడు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, ఊరూరా తన బంధువులకూ బేరగాళ్లకూ చెప్పుకుంటూ తిరిగాడు. ఎవరి గుమ్మం ముందు కూర్చున్నా అక్కడ అతను చుట్టమే.

ఇతరుల దేవుళ్లను తూలనాడవద్దు. ఎఫెసులో పౌలు మీద ఊరంతా విరుచుకుపడితే, ఈ మనుషులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించలేదు అని జనాన్ని సద్దుమణిపించింది ఆ ఊరి కరణం. విశ్వాసి కాని ఒక గుమాస్తా అలా సాక్ష్యం ఇవ్వగలిగాడంటే, రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో పౌలు ఎలా మాట్లాడి ఉంటాడో ఊహించుకోండి. (గుమాస్తా జాతివాణ్ని కాబట్టి ఆ కరణమంటే నాకు కొంచెం పక్షపాతం.) ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్లను, మీ కింద పనిచేసేవాళ్లను, మీకు అప్పున్నవాళ్లను మాటలతో ఇరికించవద్దు. కాదనే వీలు లేని మనిషి అవునంటే ఆ అవునుకు విలువ ఏముంది?

చట్టం అడిగారు కాబట్టి రెండు ముక్కలు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇస్తుంది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం వంటి పరిమితులకు లోబడి. ప్రచార హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విశ్వాసిగా నాకు ఆ మాట ఇబ్బంది పెట్టలేదు. మార్చడం నా పని అని నేనెప్పుడూ అనుకోలేదు. "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అని పౌలు కొరింథీయులకు రాసినది కూడా ఇంచుమించు ఇదే.

వెల దాచవద్దు. ఇది మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. మా కోర్టులో సమన్లు పట్టుకెళ్లే కుర్రాడు ఒకడు, ఎస్సీ, మా ఇంటి ప్రార్థనకు వచ్చేవాడు. ఒక రోజు బాప్తిస్మం కావాలన్నాడు. కూర్చోబెట్టి, ఎస్సీ హోదా ఏ మతంవాళ్లకు ఉంటుందో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి చెప్పాను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వులో చోటు దొరికింది, క్రైస్తవులకు దొరకలేదు; బాప్తిస్మంతో ఎస్సీ హోదా పోతుంది, ఎస్సీ నుంచి వచ్చిన క్రైస్తవులకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది, నీకు చెల్లెలు ఉంది, ఆలోచించుకో అన్నాను. ఆ నియమం న్యాయమని నేను అనను, కానీ అతనికి తెలియకుండా నీళ్లలోకి దించడం అంతకంటే అన్యాయం. మా సంఘంలో ఒకాయన, దొరికిన ఆత్మను నువ్వే వెనక్కి పంపావు అని నాతో చాలాకాలం మాట్లాడలేదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని చెప్పింది యేసు, నేను కాదని మాత్రం అన్నాను. ఆ కుర్రాడు ఇప్పటికీ ప్రార్థనకు వస్తాడు. బాప్తిస్మం మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇక మీ స్నేహితురాలి ప్రశ్న. మీరు దానికి దెబ్బతిన్నారు, కానీ అది మంచి ప్రశ్న. చాలామంది మనసులో పెట్టుకుని దూరమవుతారు, ఆమె ముఖం మీదే అడిగింది. "అదేం లేదు" అని కొట్టిపారేయకండి, అబద్ధమవుతుంది. నేనైతే ఇలా అంటాను: "నాకు బతుకు ఇచ్చినది నీకూ తెలియాలని నాకు ఆశ ఉంది, దాచను. కానీ నువ్వు ఎప్పటికీ ఒప్పుకోకపోయినా మనం ఇలాగే ఉంటాం." రెండో వాక్యం నిజమైతేనే అనండి. నిజం కాకపోతే ఆమె అనుమానమే సరైనది. ముందు మోకాళ్ల మీద తేల్చుకోవలసినది అది.

ఆ తర్వాత ఆమెను అడగండి. ఆమె ఆషాఢంలో బోనం ఎత్తుకునే ఇంటి పిల్ల అని మీరు రాశారు. లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడికి వాళ్లమ్మ నెత్తిన కుండ పెట్టుకుని ఎందుకు నడుస్తుందో, ఏం మొక్కుకుందో, మీరు ఎప్పుడైనా విన్నారా? వినండి. మధ్యలో అందుకుని దిద్దకుండా వినండి.

మా రికార్డు గదిలో ఒక ముస్లిం మిత్రుడు ఉండేవారు, నాకంటే పెద్దవారు, అన్నా అని పిలిచేవాణ్ని. 21 ఏళ్లు ఒకే బల్ల మీద అన్నం తిన్నాం. రంజాన్‌లో ఆయన ఇంటి నుంచి హలీం, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కేకు. నేను యేసు గురించి చెప్పడానికి మొదట్లో ప్రయత్నించాను, ఆయన ఇస్లాం గురించి చెప్పడానికి ప్రయత్నించారు. పిలవడం వాళ్లకూ ధర్మమే కదా. ఇద్దరం నవ్వుకుని అన్నం కలుపుకున్నాం. 2009లో మా పెద్దబ్బాయి పోయాడు. నలభయ్యో రోజున కాబోలు, ఆయన డబ్బా మూత తీయకుండా, "తమ్ముడూ, నువ్వు ఎలా లేచి వస్తున్నావు రోజూ?" అని అడిగారు. చెప్పాను. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. ప్రసంగం లేదు, వచనాలు కూడా రెండో మూడో. పునరుత్థానం అనే మాటను నేను మొదటిసారి నా నోటితో నేను అన్నది ఆ రోజే అనిపించింది. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, మేము దేవునివాళ్లం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం అని వాళ్లు చావు దగ్గర అనే మాట నాకు అర్థం చెప్పారు. ఆయన ముస్లింగానే ఉన్నారు. ఇప్పటికీ పండక్కి వెళ్తాను. శివరాంపల్లిలో హెన్రీ మార్టిన్ సంస్థ ఉంది చూడండి. ముస్లింలకు సువార్త చెప్పేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి 1930లో లాహోర్‌లో మొదలైంది, తర్వాత మన ఊరు చేరి, ఇప్పుడు మతాల మధ్య సఖ్యత కోసం పనిచేస్తోంది. అలా మారడం దారి తప్పడమేనని కొందరు పెద్దలంటారు. ఆ అన్న పక్కన అన్నం తిన్న నేను అలా అనలేను.

అలాగని కాగితాలు పనికిరావని కొట్టేయను. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరం మీకు తెలిసే ఉంటుంది. అక్కడ 2000లో కన్నుమూసిన సువార్త ప్రసంగీకులు భక్త్ సింగ్ గారు పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో తనకిచ్చిన బైబిలును చింపేసి, తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం ఉంచుకున్నానని ఆయనే చెప్పేవారు. కొన్నేళ్లకు కెనడాలో ఒక స్నేహితుణ్ని తానే బైబిలు అడిగారు. ఆ స్నేహితుడు జేబులోంచి కొత్త నిబంధన తీసి ఇచ్చాడు. మొదటి బైబిలు ఇచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. జేబులో పెట్టుకుని తిరిగిన ఆ స్నేహితుడి గురించే ఎక్కువ ఆలోచిస్తాను.

నెలవారీ కాగితం మీ యువజన నాయకుడికి తిరిగి ఇచ్చేటప్పుడు, కోపం లేకుండా, ఇందులో పేర్లు రాయలేనని చెప్పండి. ఆయన చిన్నవాడై ఉంటాడు, ఉత్సాహం కొద్దీ పెట్టి ఉంటాడు, 23 ఏళ్ల వయసులో నేనూ అలాంటివే పెట్టించేవాణ్ని. మీ స్నేహితురాలి పేరు మాత్రం అందులో ఎక్కించవద్దు. తన పేరు ఎవరి లెక్కలోనో ఉందని ఒక రోజు ఆమెకు తెలిస్తే మీరు చెప్పిన రెండో వాక్యం చెల్లదు. ఆ పేరు మీ ప్రార్థనలో ఉండనివ్వండి.

ఎప్పుడైనా ఆమే, ఆదివారం మీ చర్చికి వస్తానంటే, ముందు వరుసకు లాక్కెళ్లకండి. వెనక, తలుపు దగ్గర కూర్చోండి, మధ్యలో లేచి వెళ్లాలనిపించినా ఇబ్బంది లేకుండా. కొత్తగా వచ్చినవాళ్లు నిలబడండి అని మీ సంఘంలో అడిగే అలవాటు ఉంటే, శనివారమే పాస్టరుగారికి ఫోను చేసి ఆ వారానికి మానమని చెప్పండి.